లజ్ పార్కుకు పేరిచ్చిన పంతులుగారు

మైలాపూరులో కాపురముండే తెలుగు కుటుంబాలలో నాగేశ్వరరావు పార్కు తెలియని యిల్లు లేదు. లజ్ కూడలి నుంచి ఆళ్వారుపేట వైపు పోయే లజ్ చర్చి రోడ్డు మీద సుమారు నాలుగు ఎకరాల తోట అది. తెల్లవారీ తెల్లవారకముందే నడకకు వచ్చే పెద్దలు, బెంచీల మీద పేపరు విప్పుకొని కూర్చొనే విశ్రాంత ఉద్యోగులు, సాయంకాలమైతే ఉయ్యాల నాదంటే నాదని పోట్లాడుకొనే పిల్లలు, వారిని విడదీసే తల్లులు, ఇదీ ఆ తోట దినచర్య. తిరుమయిలై స్టేషనులో రైలు దిగి ఆటోవానితో ఆ పేరొక్కటి చెబితే చాలు, తక్కిన చిరునామా అక్కరలేదు.

కాని ఆ నాగేశ్వరరావు ఎవరని మన పిల్లలను అడిగి చూడండి. సంగీత విద్వాంసుడని ఒకరంటారు, పాత సినిమా నటుడని మరొకరంటారు. తోట స్థలం ఆయనదేమో అని ఊరుకొనేవారు కొందరు. పిల్లలను అనవలసిన పని లేదు. రోజూ నోటితో పలికే పేరు ఎవరిదో విచారించే తీరిక పెద్దలకే ఉండదు. మన సంఘం ఉగాది సంచికకు ఏదైనా వ్రాయవలసిందని కార్యవర్గం వారు అడిగినప్పుడు, ఉగాదికీ, సంచికకూ, మైలాపూరుకూ మూడింటికీ చెందిన మనిషి ఈయన ఒక్కరే కదా అని మాకు తోచింది. ఎందువల్ల మూడింటికీ చెందినవారో ముందు ముందు మనవి చేస్తాము.

చెన్నపట్నానికి ఒక గుణమున్నది. పెద్దమనుషుల పేర్లు పేటలకూ తోటలకూ పెట్టి, పేరు ఉంచుకొని మనిషిని మరచిపోతుంది. త్యాగరాయనగరం ఉన్నది కదా. తిరువైయ్యారు త్యాగరాజస్వామివారి పేరు మీద వెలసిందని చాలామంది తెలుగువారే నమ్ముతారు. అది సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు. ఆయన సుమారు నలభై సంవత్సరాలు మద్రాసు కార్పొరేషనులో సభ్యులుగా పనిచేసి, ప్రభుత్వోద్యోగి కాకుండా ఎన్నికైన తొలి అధ్యక్షులైనారు. 1920లో మంత్రి పదవి చేతికందినా పుచ్చుకోలేదు. 1925లో గతించారు. ఆ పేటలోనే ఉన్న పనగల్ పార్కు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉండిన పానుగంటి రామరాయణింగారిది, అంటే పానగల్లు రాజాగారిది. ఇద్దరూ తెలుగువారే. నేడు ఆ చోట్లు పట్టుచీరెలకూ నగలకూ పేరు పడ్డాయి. బేరం చేసేటప్పుడు ఎవరి పేట అని ఎవరు అడుగుతారు?

మన పంతులుగారి సంగతికి వద్దాము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. చదువు బందరులో మొదలై మద్రాసు క్రైస్తవ కళాశాలలో ముగిసింది. 1891లో పట్టభద్రులైనారు. బందరులో చదివే రోజులలోనే వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని వారి మనస్సుకు పట్టింది. పత్రిక అనేది మనుషులను కదిలించగలదన్న నమ్మకం అక్కడినుంచి వచ్చిందనుకోవచ్చును.

రైల్వే గుమాస్తాలము గనుక ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పంతులుగారు మద్రాసులో చదివిన రోజులలో బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు లేదు. ఆ మార్గం 1899లో పూర్తి అయింది. అంతవరకు కృష్ణాజిల్లా పిల్లవాడు మద్రాసులో చదువుకోవాలంటే సముద్రం మీద ఓడలోనో, బకింగ్‌హాం కాలువలో పడవ మీదనో, లేకుంటే చుట్టుతిరుగుడు మార్గాన బండ్లు మారుతూనో రావలసిందే. మద్రాసు నుంచి బొంబాయికి మాత్రం 1871లోనే రాయచూరు వద్ద పట్టాలు కలిసిపోయాయి. అంటే ఆ కాలపు మద్రాసు వానికి బెజవాడ కంటే బొంబాయికి పోవడమే సుఖం! పంతులుగారు ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా పోయి మందుల వ్యాపారం నేర్చుకొని, పిమ్మట బొంబాయి చేరారు. అక్కడ విలియం కంపెనీలో పనిచేశారు. అంటే ఆయనా మనవలెనే పొట్ట చేతబట్టుకొని పరాయిచోటికి వెళ్ళిన తెలుగువాడే. ఈ సంగతి మరచిపోతే ఆయన జీవితంలో సగం మనకు అర్థం కాదు.

1893లో బొంబాయిలోనే అమృతాంజనం పుట్టింది. ఆ పసుపుపచ్చ మందును ఎరుగని నుదురు దక్షిణాదిలో ఉండదు. అమ్మమ్మల పెట్టెలలో, ప్రయాణపు సంచులలో, ఆఫీసు బల్ల సొరుగులలో దానికి స్థిరమైన స్థానం. మా ఆఫీసులో జీతాల బిల్లులు తయారయ్యే వారంలో ఆ వాసనే వాసన. కొత్తలో ఎవరికీ తెలియని మందును పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి ఉచితంగా పంచేవారని ప్రసిద్ధి. రాత్రి పొద్దుపోయేదాకా కచేరీ వినేవారికి తల పట్టుకోవడం సహజం. మందు ఎక్కడ అవసరమో అక్కడికే తీసుకుపోయి చేతిలో పెట్టారు. వ్యాపారం పెరిగింది. డబ్బు వచ్చింది.

డబ్బు వచ్చినవారు ఎందరో ఉన్నారు. బొంబాయిలో మేడ కట్టి మోటారు కొని సుఖపడవచ్చు. ఈయనకు వేరే దిగులు పట్టుకొన్నది. 1907లో సూరతులో జరిగిన కాంగ్రెసుకు వెళ్ళారు. మితవాదులూ అతివాదులూ విడిపోయిన సభ అది. దేశమంతా అట్టుడికిపోతూ ఉంటే ఆ వార్తలు తెలుగువారికి తెలుగులో అందించే బలమైన పత్రిక ఏదీ అని ఆలోచించారు. బందరులో కృష్ణాపత్రిక ఉన్నది, కాని ఒక్కటి చాలదు. 1908 సెప్టెంబరు 9న బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది.

ఈ విషయం మీద కొంచెం నిలవాలి. తెలుగుదేశంలో కాదు, మరాఠీ, గుజరాతీ మాట్లాడే నగరంలో తెలుగు పత్రిక! అచ్చు అక్షరాలు మొదలు, అచ్చు కూర్చేవాని వరకు, వ్రాసేవారి వరకు ఎన్ని తిప్పలు పడి ఉంటారో ఊహించుకోవలసిందే. అయితే బొంబాయిలో తెలుగువారు లేకపోలేదు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వచ్చింది తెలుగుసీమ నుంచి వలస వెళ్ళిన కామాఠీ కూలీల వల్లనే. ఆ నగరపు మేడలలో వారు మోసిన రాళ్ళు ఎన్నో. పరాయిచోట బ్రతికేవానికే తన భాష విలువ ముందుగా తెలుస్తుంది. ఇంటి దగ్గర ఉన్నవానికి అది గాలివంటిది, ఉన్నట్టే తోచదు. ప్రవాసాంధ్రుడు ప్రవాసంలో పెట్టిన పత్రిక తరువాత ఆంధ్రదేశానికంతటికీ పెద్ద దిక్కయింది.

ఇక ఉగాది సంగతి. 1910 నుంచి ఆంధ్రపత్రిక వారు ఏటేటా సంవత్సరాది సంచిక అని ప్రత్యేకంగా వెలువరించసాగారు. పేరుకు పత్రిక సంచికే గాని అదొక పెద్ద పుస్తకం. చరిత్ర, శాసనాలు, శాస్త్రం, సాహిత్యం, చిత్రాలు, దేశ పరిస్థితులు అన్నీ అందులో ఉండేవి. పచ్చడి తిని పంచాంగం విన్న తరువాత ఆ సంచిక కోసం ఎదురు చూడడం తెలుగు ఇళ్ళలో ఒక అలవాటు అయింది. ఉగాదికి సంచిక వేయాలనే ఆచారం మనకు అలా అబ్బింది. ఈనాడు చెన్నైలోనూ, బొంబాయిలోనూ, సముద్రాల అవతల అమెరికాలోనూ తెలుగు సంఘాలు ఉగాదికి తలా ఒక సంచిక వేస్తున్నాయంటే, ప్రకటనల కోసం కార్యదర్శులు దుకాణాల చుట్టూ తిరుగుతున్నారంటే, ఆ దారి వేసిన మనిషి లజ్ పార్కు పేరులో ఉన్నాడు. మీ చేతిలో ఉన్న ఈ సంచిక కూడా ఆ వంశంలోదే.

1914లో పంతులుగారు పత్రికను మద్రాసుకు తరలించారు. ఏప్రిల్ 1వ తేదీ నుంచి దినపత్రిక అయింది. జార్జిటౌనులో తంబుచెట్టి వీధి 7వ నంబరు ఆంధ్రపత్రిక కార్యాలయం. ఆ విలాసం రెండు తరాల తెలుగు రచయితలకు కంఠస్థం. దినపత్రిక అయిన నాలుగు నెలలకే ఐరోపాలో మహాయుద్ధం వచ్చింది. యుద్ధవార్తల కోసం జనం ఆవురావురుమంటూ ఉండగా రోజూ తెలుగులో వార్త అందించే కాగితం చేతికి వచ్చింది. పాఠకులు పెరిగారు. వ్రాసినవారి గొప్పతనం ఎంత ఉన్నా, అది బెజవాడకో రాజమండ్రికో చేరాలంటే రైలు కావాలి. తంబుచెట్టి వీధిలో అచ్చయిన కట్టలు సుమారు 430 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే గాని బెజవాడ పాఠకునికి అందవు. పదిహేనేళ్ళ క్రిందట పడిన పట్టాలు లేకుంటే మద్రాసులో కూర్చొని ఆంధ్రదేశానికి దినపత్రిక నడపడం ఎవరి తరమూ కాదు. పత్రికా చరిత్ర వ్రాసేవారు సంపాదకులను తలుస్తారు గాని గార్డులనూ పార్సిలు గుమాస్తాలనూ తలవరు. మా శాఖ తరఫున ఈ చిన్న ఫిర్యాదు ఇక్కడ నమోదు చేసుకుంటున్నాము.

1924 జనవరిలో భారతి మాసపత్రిక వచ్చింది. భారతిలో తన వ్యాసం పడిందంటే పండితుడు మీసం దువ్వుకొనేవాడు. పద్యం పడిందంటే కుర్రకవి ఊరంతా తిరిగి చూపించేవాడు. దానివల్ల లాభం వచ్చి ఉంటుందని మేము అనుకోము. తలనొప్పి మందు సంపాదించింది, భారతి ఖర్చు చేసింది అన్నా తప్పు లేదు. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణతో ఆ మాలలోనే అచ్చువేశారు. తాటాకులలో ఉన్నది, ఎవరో కొందరు పండితులకు తప్ప అందనిది, సామాన్యుడు కొనగలిగే ధరకు పుస్తకంగా వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వం 1923లో వారు అకాలమరణం చెందడంతో ఆగిపోగా, దాన్ని తిరిగి ఎత్తుకొన్నది కూడా పంతులుగారే. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు పూర్తి చేయాలని పూనుకోవడం మన వారిలో అరుదు. మన సంఘం పాత లెక్కల పుస్తకాలు చూసినవారికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

దానధర్మాల మాట ఎత్తితే ఈ వ్యాసం చాలదు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పేద విద్యార్థులు, జైలుకు పోయినవారి కుటుంబాలు, చేయి చాచినవారు వట్టి చేతులతో తిరిగి వెళ్ళలేదంటారు. జనం దేశోద్ధారక అని పిలిచారు. గాంధీగారు విశ్వదాత అన్నారని ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. బిరుదులు పుచ్చుకొన్నవారు మనకు కొదవ లేదు గనుక ఆ విషయం ఇంతటితో చాలు.

అయితే డబ్బిచ్చి యింట్లో కూర్చొన్న దాత కాదాయన. ఇది ముఖ్యం. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి ఆయనకు అరవై మూడేళ్ళు నిండవచ్చాయి. ఆ వయస్సులో పెద్ద వ్యాపారం, ముద్రణాలయం, రెండు పత్రికలు పెట్టుకొన్న మనిషి ప్రభుత్వంతో తగవు పెట్టుకోకూడదని చెప్పే హితైషులు ఎందరైనా ఉంటారు. ఆ రోజులలో ప్రభుత్వం తలచుకొంటే ధరావతు పేరు చెప్పి పత్రిక గొంతు నులమగలదు. ఆయన టంగుటూరి ప్రకాశం పంతులుగారితో కలిసి మద్రాసులో సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. ఉదయవనం శిబిరం పేరు ఆ కాలపు చరిత్రలో ఉన్నది. దుర్గాబాయిగారు పనిచేసినదీ ఆ శిబిరంలోనే. పంతులుగారు జైలుకు వెళ్ళారు. జైలులో భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాసుకొన్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షులుగా ఉండి పార్టీ భారాన్నీ మోశారు.

ఇక మైలాపూరు. లజ్‌లో వారి యిల్లు శ్రీబాగ్. తెలుగువారి రాజకీయాలలో ఆ యింటి పేరు వినని రోజు నేటికీ తక్కువే. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ, నీళ్ళు ఎవరివి అనే తగవు వచ్చినప్పుడల్లా శ్రీబాగ్ ఒడంబడిక అనే మాట శాసనసభలో, పత్రికలలో వినబడుతుంది. అది జరిగిన చోటు మన పేటలోనే అని మనలో ఎందరికి తెలుసు?

సంగతి ఇది. ఆంధ్రరాష్ట్రం కావాలని 1913 బాపట్ల సభ నాటినుంచి కోరిక. కాని రాయలసీమ వారికి అనుమానం తీరలేదు. సర్కారు జిల్లాల వారు చదువులో ముందున్నారు, గోదావరి కృష్ణల నీళ్ళతో పంటలు పండించుకొంటున్నారు. రాష్ట్రం వస్తే పెత్తనమంతా వారిదే అవుతుందేమో, అరవవారి చేతిలోనుంచి తప్పి అన్నగారి చేతిలో పడతామేమో అని భయం. 1926లో వచ్చిన విశ్వవిద్యాలయాన్ని ఎక్కడ పెట్టాలనే దానిమీద జరిగిన గొడవ ఆ అనుమానాన్ని పెంచింది. పరువుగల భయమే అది. కడుపు నిండినవాడు కరవు సీమవాణ్ణి నమ్మమంటే ఊరికే నమ్ముతాడా?

1937 నవంబరు 16న ఇరుపక్షాల పెద్దలు శ్రీబాగ్‌లో కూర్చొన్నారు. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, పప్పూరి రామాచార్యులుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కొండా వెంకటప్పయ్యగారు మొదలయినవారు. అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. కృష్ణ, తుంగభద్ర, పెన్న నదుల నీళ్ళ విషయంలో పది సంవత్సరాలపాటు రాయలసీమకు ముందు చూడాలి. శాసనసభలో స్థానాలు జిల్లాల సమానత్వం చూసి ఉండాలి. రాజధాని, హైకోర్టు ఒకే చోట ఉండనక్కరలేదు, ఏది కావాలో ముందుగా కోరుకొనే హక్కు రాయలసీమది. ఇంతవరకు ఒప్పుకొని వ్రాసుకొన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు రాజధాని, గుంటూరు హైకోర్టు అయినాయంటే దాని మూలం ఆ కాగితమే.

ఆ కాగితంలో నీళ్ళను గురించిన మాట ఎంతవరకు నెరవేరింది అని ఈనాటికీ రాయలసీమవారు అడుగుతూనే ఉన్నారు. మాలో అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చినవారు ఈ వాక్యం చదివి తల ఊపుతారని మాకు తెలుసు. వారి తగవు తీర్చడం మా వల్ల అయ్యే పని కాదు. మేము చెప్పేది ఒక్కటే: పోట్లాడుకొనే అన్నదమ్ములు కూర్చొని మాట్లాడుకోవడానికి ఒక యిల్లు కావాలి. ఉభయులూ నమ్మే యజమాని ఆ యింట్లో ఉండాలి. కృష్ణాజిల్లాలో పుట్టిన మనిషి గడప తొక్కడానికి సీమ నాయకులు సందేహించలేదు. ఆయన దానాలన్నీ ఒక ఎత్తు, సంపాదించిన ఆ నమ్మకం ఒక ఎత్తు.

ఒప్పందమైన అయిదు నెలలు నిండకుండానే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్ను మూశారు. ఆంధ్రరాష్ట్రాన్ని చూడలేదు. దానికి మరి పదిహేనేళ్ళు పట్టింది. శ్రీబాగ్‌కు ఎంతో దూరం లేని రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తిగారి యింట్లో, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. అక్కడ నేడు వారి స్మారక భవనం ఉన్నది. ఈ మైలాపూరులో ఒక యింట్లో ఒప్పందం, ఒక యింట్లో బలిదానం. రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. శ్రీబాగ్ ఉన్న నేల మరొక రాష్ట్రంలో మిగిలిపోయింది. మాలో కొందరం రైల్వే బదిలీల మీదనో, ఉద్యోగాల కోసమో వచ్చినవారము. మరికొందరి తాతముత్తాతలు తరాలుగా ఇక్కడివారే. వారు గడప దాటకుండానే, ఉన్నచోట ఉండి, ఒక్క రాత్రిలో ప్రవాసులైపోయారు. ఆ కష్టం ఎవరినీ నిందించి తీరేది కాదు. ఈ ఊరు మనకు అన్నం పెడుతున్నది, అరవ సోదరులు పొరుగువారై ఆదరిస్తున్నారు. ఒక తెలుగు పెద్దమనిషి పేరును లజ్ నడిబొడ్డున ఇన్నేళ్ళుగా చెక్కుచెదరకుండా నిలుపుకొన్నది కూడా ఈ ఊరే. ఆ మాట చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది.

స్మారక చిహ్నమంటే మనవారికి వెంటనే గుర్తుకు వచ్చేది విగ్రహం. ఏడాదికొకసారి దండ, తక్కిన రోజులలో కాకులు. తోట అటువంటిది కాదు. ఇచ్చిన మనిషికి ఇవ్వడమే పని గనుక రోజూ నీడ ఇచ్చే తోట తగిన గుర్తు అని మా అభిప్రాయం. జ్వరం వచ్చి లేచినవాడు మొదట నాలుగు అడుగులు వేసేది అక్కడ. కోడలిమీద కోపం వచ్చిన అత్తగారు గంటసేపు కూర్చొని చల్లబడి యింటికి వెళ్ళేది అక్కడ. ఆయన పేరు ఎరుగనివారికి కూడా ఆయన పేరిటి నీడ అందుతున్నది. అయితే చెట్టు నీడనిస్తుంది గాని కథ చెప్పదు. బోర్డు ఎంత పెద్ద అక్షరాలతో వ్రాసినా పేరు తప్ప మరేమీ చెప్పలేదు. చెప్పవలసింది మనుషులే.

ఆయన నెలకొల్పినవాటిలో ఏమి మిగిలింది? అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు మామగారి తరువాత అన్నీ చేతబట్టి నడిపారు. 1936లోనే పబ్లిక్ కంపెనీ అయిన అమృతాంజనం నేటికీ ఉన్నది. దాని కార్యాలయం లజ్ చర్చి రోడ్డు మీదనే. కాని ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. మందు నిలిచింది, పత్రికలు నిలవలేదు. మందు ఆదాయం పత్రికలను మోసిన కాలం వేరు. చదివేవారు తగ్గితే ఎంత ఆదాయమూ మోయలేదు. మా వయస్సు వారం భారతిని కొని చదివినవారం కాము. పాత పుస్తకాల దుకాణంలో బైండు చేసిన సంపుటం కనబడితే ముట్టుకొని చూసినవారం. అదృష్టవశాత్తు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారు ఆ పాత సంచికలను చాలావరకు అంతర్జాలంలో ఉంచారు. మెట్రిక్ చదివిన మాబోటివారము కూడా టెలిఫోను తెర మీద నూరేళ్ళనాటి సంవత్సరాది సంచిక విప్పి చూడగలుగుతున్నాము. చదవడానికి అక్షరాలు వస్తే చాలు.

అక్షరాలు వస్తే అన్నాము. అక్కడే ఉన్నది చిక్కు. మన సంఘంలో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది ఉన్నారు. తెలుగు చదివే పిల్లలు ఎందరో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బడిలో అరవం, ఇంగ్లీషు, హిందీ. తెలుగు వంటింటి వరకే. ఈ సంచికలోని పద్యాలనూ వ్యాసాలనూ మన పిల్లలకు మనమే చదివి వినిపించవలసి వస్తున్నది. బొంబాయిలో తెలుగు అచ్చు కూర్చిన మనిషి పేరిటి తోటలో మన పిల్లలు ఆడుకొంటూ ఆ అక్షరాలే ఎరుగకపోవడం చూస్తే మనస్సు చివుక్కుమంటుంది.

అందుచేత కార్యవర్గం వారికి మా మనవి. పంతులుగారి పుట్టినరోజు మే 1. మేడే గనుక ఆఫీసులకు సెలవు, పిల్లలకు వేసవి సెలవులు. ఆ రోజు ఉదయం ఆరున్నరకు, ఎండ ముదరకముందు, మన కుటుంబాలన్నీ పార్కులో కలుసుకొందాము. అధ్యక్షోపన్యాసం, వందన సమర్పణ వంటివి వద్దు. నడకకు వచ్చేవారికి అడ్డం లేకుండా ఒక చెట్టు క్రింద జంపఖానా చాలు. పాత సంవత్సరాది సంచికల నుంచి నాలుగైదు పేజీలు పెద్ద అక్షరాలలో అచ్చు తీయించి తెచ్చే పని మేము పెట్టుకొంటాము. తెలుగు చదవగల పిల్లలు తలా ఒక పేరా చదవాలి. చదవలేనివారు ఆనాడు తమ పేరును తెలుగులో వ్రాయడం నేర్చుకొని ఇంటికి వెళ్ళాలి. పలకలు, సుద్దముక్కలు మావే. పులిహోర ఎవరు తెస్తారో మహిళా విభాగం వారు నిర్ణయిస్తారు. అమృతాంజనం సీసా తెచ్చుకోనక్కరలేదు, తలనొప్పి వచ్చేటంత సభ జరగనివ్వము.